తడి ఎక్కడి నుంచి వచ్చింది?



ఈ నెల టీచర్స్ పేజీ రాయడం నా వంతు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. బీఈడీ పూర్తి చేసి టీచర్‌నై ఇది నాలుగో ఏడు. చదువుల గురించి, పరీక్షల గురించి మీకు ప్రతి నెలా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను మా నాన్నగారి కారు గురించి రాస్తాను. చివరికి మళ్లీ క్లాస్‌రూమ్‌కే వస్తాను, కంగారు పడకండి.

మాది విజయవాడ, పటమట. మా నాన్న ఆర్టీసీలో ముప్పయ్యేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. "ఇన్నేళ్లూ నిలబడి టికెట్లు కొట్టాను, ఇక నుంచి కూర్చుని వెళ్తాను" అని 2025 సంక్రాంతికి ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొన్నారు. అమ్మింది బయటివాళ్లు కాదు. ఒకే డిపోలో నాన్నతో కలిసి పనిచేసిన స్నేహితుడు. మేము ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాం. రోజూ సాయంత్రం ఇద్దరూ సెంటర్‌లో ఒకే బండి దగ్గర టీ తాగుతారు. బేరం కూడా ఆ టీ దగ్గరే అయిపోయింది.

ఆరు నెలలు కారు బాగానే నడిచింది. జూలైలో వానలు మొదలయ్యాక పేచీ పెట్టింది. రాత్రి వాన పడితే తెల్లారి స్టార్టయ్యేది కాదు. సెల్ఫ్ తిరిగేది కానీ ఇంజిన్ అందుకునేది కాదు. మధ్యాహ్నం ఎండ తగిలాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మీటర్ బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగేది. ఒక్కోసారి తాళం తిప్పగానే, ఇంజిన్ చల్లగా ఉన్నా, రేడియేటర్ ఫ్యాన్ గిర్రున తిరిగేది. అమ్మ మాత్రం ఇంజిన్ మాట ఎత్తలేదు. "ఈ కారులో తడిసిన గోనెసంచి వాసనేంటండీ?" అని రెండుసార్లు అడిగింది. మేమెవరం పట్టించుకోలేదు.

నాన్న కారుని ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లారు. అతను స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి స్కానర్ తగిలించి చూశాడు. యు0100 అనే కోడ్ వచ్చింది. ఇంజిన్ కంప్యూటర్‌తో కారులోని మిగతా కంప్యూటర్లకు మాటలు తెగిపోయాయని ఆ కోడ్ చెబుతుంది. ఎందుకు తెగిపోయాయో మాత్రం చెప్పదు. అతను ఇంకేమీ చూడకుండానే తేల్చేశాడు. "ఈసీయూ పోయింది సార్. కొత్తది 38 వేలవుతుంది. కీ ప్రోగ్రామింగ్ చార్జీ వేరే." తర్వాత ఎడమ వైపు మ్యాట్ ఎత్తి, కింద తడి చూసి, ఒక మాట అన్నాడు. "ఇది బుడమేరులో మునిగిన బండేమో సార్. మీకు చెప్పకుండా అమ్మేసుంటారు."

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన సంగతి ఈ ఊళ్లో ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు. ఎన్నో బండ్లు మునిగాయి. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ బండి కొనే ప్రతివాళ్లకీ అదే అనుమానం. కానీ బాబాయ్ ముందే చెప్పారు. వరదప్పుడు కారు గుంటూరులో వాళ్ల అమ్మాయి ఇంటి దగ్గర ఉందట. నాన్న అప్పుడు నమ్మారు. మెకానిక్ మాట విన్నాక నమ్మలేకపోయారు.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "నాకు మునిగిన బండి అంటగట్టావురా, నా పీఎఫ్ డబ్బులు రా అవి" అన్నారు. అటు నుంచి ఏమీ వినపడలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు మాత్రం వినిపించింది. మర్నాటి నుంచి టీ దగ్గరకు వెళ్లడం మానేశారు. సాయంత్రం ఆరు కాగానే టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చునేవారు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. 38 వేలు పోవడం కంటే నాన్నని అలా చూడటమే మాకు కష్టంగా ఉండేది.

ఆదివారం మా తమ్ముడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఈసీఈ మూడో సంవత్సరం. "అక్కా, 38 వేలు కట్టే ముందు అసలు ఆ డబ్బా ఎక్కడుందో, ఎలా ఉందో ఒకసారి చూద్దాం" అన్నాడు. నిజమే అనిపించింది. పిల్లలకు రోజూ 'ముందు పరిశీలన, తర్వాతే నిర్ధారణ' అని చెప్పేదాన్ని. ఇంట్లో పరిశీలన లేకుండానే శిక్ష కూడా పడిపోయింది.

ముందుగా, ఈసీయూ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ఇంజిన్ కంట్రోల్ యూనిట్ అంటే ఇంజిన్‌కు మెదడు లాంటి చిన్న కంప్యూటర్. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, మీరు యాక్సిలరేటర్ ఎంత నొక్కారు అని సెన్సర్లు దానికి చెబుతుంటాయి. ఎంత పెట్రోలు చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అన్నది అది లెక్కగడుతుంది. చూడటానికి నోటు పుస్తకం సైజులో ఉండే అల్యూమినియం డబ్బా. దానికి బోలెడన్ని పిన్నులున్న పెద్ద కనెక్టరు ఒకటో రెండో ఉంటాయి.

అది ఎక్కడ ఉంటుందన్నది బండిని బట్టి మారుతుంది. కొన్ని కార్లలో బోనెట్ కింద బ్యాటరీ పక్కన ఉంటుంది. కొన్నిటిలో లోపల గ్లవ్ బాక్స్ వెనక. మరికొన్నిటిలో కాళ్లు పెట్టుకునే చోట, కార్పెట్ కింద. మేము ముందు బోనెట్ ఎత్తి చూశాం, బ్యాటరీ దగ్గర లేదు. అప్పుడు తమ్ముడు ఇంజిన్ నుంచి బయల్దేరిన లావుపాటి వైర్ల కట్టను వేలితో తడుముకుంటూ వెళ్లాడు. అది ఎడమ వైపు మూలన, రబ్బరు బుష్ ఉన్న రంధ్రంలోంచి కారు లోపలికి దూరింది. లోపల గ్లవ్ బాక్స్ విప్పితే, దాని వెనక దొరికింది డబ్బా. మెకానిక్ తడి చూసిన మ్యాట్‌కి సరిగ్గా పైన.

దాన్ని ముట్టుకునే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తాళం తీసేశాం. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కొంతసేపు ఆగాం. తడిసిన సర్క్యూట్‌లో కరెంటు పారితే పిన్నులు మరింత వేగంగా తినేస్తుంది. అది మన ఎలక్ట్రాలిసిస్ పాఠమే. అందుకే లోపల తడి ఉందని అనుమానం ఉంటే 'ఇంకొక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనుకోకూడదు. మేము అప్పటికి చాలాసార్లు అనుకున్నాం. ఆ చుట్టుపక్కల పసుపు రంగు వైర్లు, పసుపు కనెక్టర్లు ఉంటే వాటి జోలికి వెళ్లకూడదు. సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగ్‌వి. డబ్బా పట్టుకునే ముందు కారు ఇనుప భాగాన్ని ఒకసారి తాకాలి. మన ఒంట్లోని స్టాటిక్ కరెంటు అందులోకి పోతుంది. కనెక్టర్‌ను వైర్లు పట్టుకుని లాగకూడదు. దానికి లివర్ లాంటి లాక్ ఉంటుంది. అది తిప్పితే తనే బయటికి వస్తుంది.

కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూశాం. డబ్బా మీద నీళ్లు జారిన చారలున్నాయి. కనెక్టర్ లోపల ఒక మూలన రెండు పిన్నుల మీద ఆకుపచ్చ బూజులాంటిది పట్టి ఉంది. అది బూజు కాదు, రాగికి పట్టే చిలుము. ఇత్తడి బిందె తడి ఆరకుండా వదిలేస్తే పట్టేలాంటిదే. మిగతా పిన్నులు తళతళలాడుతున్నాయి. డబ్బా ఉబ్బలేదు, కాలిన వాసన లేదు. మూత జిగురుతో అతికించి ఉంది కాబట్టి మేం తెరవలేదు. ఆ పిన్నుల్లో ఏది దేనికో మాకు తెలియదు. కానీ అంత పెద్ద కంప్యూటర్‌కైనా ఒక్క ఎర్త్ పిన్ను సరిగ్గా తగలకపోతే నోరు పడిపోతుంది. వానకు తడిస్తే మాట పడిపోవడం, ఎండకు ఆరితే తిరిగి రావడం ఇప్పుడు అర్థమైంది.

తర్వాత అసలు ప్రశ్న. ఈ తడి ఎక్కడి నుంచి వచ్చింది? వరద నీరా, ఇంకేదైనా?

వరదలో మునిగిన బండి తన సంగతి తనే చెబుతుంది. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర్లో బురద మరకలుంటాయి. స్టెప్నీ టైరు కింది గుంటలో ఒండ్రు మిగులుతుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు పడుతుంది. మేము నాలుగు బెల్టులూ లాగాం, శుభ్రంగా ఉన్నాయి. స్టెప్నీ తీశాం, పొడిగా ఉంది. కార్పెట్ నాలుగు మూలలా ఎత్తి చూశాం. తడి ముందు ఎడమ వైపు మాత్రమే. నాన్న గడప మీద కూర్చుని చూస్తూ ఉన్నారు, ఏమీ అనలేదు.

కారు లోపల ముందు వైపు తడి ఉంటే సాధారణంగా దారులు మూడు. ఏసీలోంచి వచ్చే నీరు. హీటర్‌లోంచి కారే కూలెంట్. బయటి వాన. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, చేతికి జిగటగా తగులుతుంది. అది విషం, పిల్లల చేతికి అందనివ్వకూడదు. మాకు తగిలింది మామూలు నీరే. ఏసీ నీరు బయటికి పోయే పైపు మూసుకుపోతే ఆ నీరు లోపలికి కారుతుంది. "నాన్నా, ఏసీ వేసుకుని వెళ్లి ఆపినప్పుడు కారు కింద నీళ్లు పడుతున్నాయా?" అని అడిగాను. "రోజూ పడుతున్నాయమ్మా" అన్నారు. అంటే పైపు బాగానే ఉంది. మిగిలింది వాన.

ఈసీయూని పూర్తిగా విప్పి ఇంట్లో పెట్టి, అప్పుడు నీళ్లు పోయడం మొదలుపెట్టాం. నేను బయట మగ్గుతో, తమ్ముడు లోపల టార్చితో. ఒక్కో చోట విడిగా, నెమ్మదిగా. తలుపు అంచు మీద పోశాను, పొడి. టాప్ మీద పోశాను, పొడి. ముందు అద్దం అడుగున, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ ఎడమ మూలన రెండు మగ్గులు పోశానో లేదో, లోపల నుంచి తమ్ముడి కేక. "అక్కా, వస్తోంది! వైరు పట్టుకుని వస్తోంది!"

జాలీ విప్పి చూశాం. కింద ఉన్న గాడి నిండా కానుగ ఆకులు. ఆకులు, పూత, మట్టి కలిసి పేడలా గట్టిపడి, నీరు కిందికి పోయే రంధ్రాన్ని మూసేశాయి. వాన నీరు అక్కడ చెరువులా నిలిచి, వైర్లు లోపలికి దూరే రబ్బరు బుష్ వరకు వచ్చింది. ఆ బుష్ పగిలి ఉంది. తాడు పట్టుకుని దిగినట్టు నీరు వైర్ల వెంటే దిగి, చుక్కచుక్కగా ఈసీయూ కనెక్టర్‌లోకి చేరింది. అక్కడి నుంచి మ్యాట్ మీదికి.

మా ఇంటి ముందు కానుగ చెట్టుంది. జనవరి నుంచీ కారు నీడలో ఉండాలని నాన్నే రోజూ దాని కింద పెట్టేవారు. ఎండాకాలం ముందు అది ఆకంతా కారు మీదే రాల్చింది. కారు పైభాగం నాన్న రోజూ తుడిచేవారు. జాలీ కింద ఏముందో ఎవరమూ చూడలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో ఈసీయూలు బాగుచేసే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లాం. ఆయన మూత జాగ్రత్తగా తెరిచి, లోపలి బోర్డు శుభ్రంగా ఉందని చూపించారు. చిలుము తీసి, కనెక్టర్‌లో రెండు టెర్మినల్స్ మార్చి, కొత్త రబ్బరు బుష్ వేశారు. వైర్ల కట్ట కనెక్టర్ దగ్గరకు వచ్చే ముందు కొంచెం కిందికి వేలాడేలా కట్టారు. ఎప్పుడైనా నీరు వచ్చినా ఆ వంపు దగ్గరే జారి కింద పడుతుందట. మొత్తం 3,200 రూపాయలు. కార్పెట్ మూడు రోజులు ఎండబెట్టాం, అమ్మ చెప్పిన వాసన పోయింది. మొదటి మెకానిక్ మోసం చేశాడని నేను అనను. కోడ్ చూశాడు, తడి చూశాడు, రెండిటినీ కలిపి తనకు అలవాటైన కథ ఒకటి చెప్పాడు. మేము ఆ కథని నమ్మి ఒక మనిషిని దొంగని చేశాం.

ఆ సాయంత్రం నాన్న ఒక ప్లాస్టిక్ కవర్లో ఆ ఎండిన కానుగ ఆకులు వేసుకుని బాబాయ్ వాళ్లింటికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు, కారు నన్నే నడపమన్నారు. తలుపు తీసిన బాబాయ్ చేతిలో కవరు పెట్టి, "ఇదిగో రా, నువ్వు దాచిన వరద" అన్నారు. ఇంకేమీ అనలేకపోయారు. బాబాయ్ కవరు విప్పి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పన్నెండు రోజుల టీ డబ్బులు నువ్వే ఇవ్వాలి" అన్నారు. ఇద్దరూ నడుచుకుంటూ సెంటర్ వైపు వెళ్లారు. కారు నేనే ఇంటికి తెచ్చాను.

దారిలో నాకు మా ఎనిమిదో తరగతి బాబు ఒకడు గుర్తొచ్చాడు. వాళ్ల అమ్మగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు రాయను. కిందటేడు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు. ఈ ఏడు జూలై నుంచి ప్రశ్న అడిగితే "ఆఁ మేడమ్?" అనడం, సగం నోట్సు రాయడం, యూనిట్ టెస్టులో వెనకబడటం. అంతకు ముందు వారమే వాడి డైరీలో ఎర్ర ఇంకుతో 'ఇన్‌అటెంటివ్ ఇన్ క్లాస్' అని రాసి సంతకం పెట్టి పంపాను. స్కానర్ కోడ్ లాంటిదే అది కూడా. ఏం జరుగుతోందో చెప్పింది కానీ ఎందుకో చెప్పలేదు. చూడకుండానే నేను కథ కట్టేశాను: ఫోన్ ఎక్కువ చూస్తున్నాడు, పొగరు వచ్చింది అని.

సోమవారం నుంచి వాణ్ని గమనించాను. ఎప్పుడు? బోర్డు మీద రాసినప్పుడు అన్నీ సరిగ్గా రాస్తున్నాడు, నోటితో చెప్పినప్పుడే తప్పులు. ఎక్కడ? రోడ్డు చప్పుడు వచ్చే కిటికీ పక్కన కూర్చున్న రోజు మరీ ఎక్కువ. ఎలా? నేను ఎడమ వైపు నుంచి పిలిస్తే, తల తిప్పి కుడి చెవి ఇటు పెడుతున్నాడు. వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, "బాబుకి చెవి ఏమైనా ఇబ్బందా అండీ?" అని అడిగాను. ఆవిడ కాసేపాగి, "చిన్నప్పటి నుంచీ వానాకాలం వస్తే ఎడమ చెవి కారుతుందండీ. నూనె కాచి రెండు చుక్కలు వేస్తాం, తగ్గిపోతుంది. ఈసారి వాడు చెప్పలేదు. స్కూల్లో వాసన వస్తుందని వెక్కిరిస్తారని దూది పెట్టుకుంటున్నాడు" అన్నారు.

ఈఎన్‌టీ డాక్టరు గారు చూసి కర్ణభేరికి రంధ్రం ఉందని, ఆ చెవి వినికిడి తగ్గిందని చెప్పారట. మందులు ఇచ్చారు. చెవిలోకి నీళ్లు పోనివ్వొద్దన్నారు. నూనె అసలు వేయొద్దన్నారు. చెవి ఆరాక ఆపరేషన్ సంగతి చూద్దామన్నారట. ఇప్పుడు వాణ్ని ముందు బెంచీలో, కుడి చెవి నా వైపు ఉండేలా కూర్చోబెట్టాను. మార్కులు వెంటనే పెరిగాయని చెప్పను, ఇంకా పూర్తిగా కోలుకోలేదు. కానీ "ఆఁ మేడమ్?" తగ్గింది. డైరీలో నా ఎర్ర ఇంకు మాట కొట్టేసి, పక్కన 'నేను తెలుసుకోకుండా రాశాను' అని రాసి సంతకం పెట్టాను. వాడు అది చదివి, డైరీ గభాల్న బ్యాగులో పెట్టేసుకున్నాడు.

మా ఇంట్లో గోనెసంచి వాసన గురించి అమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ బాబు చెవి సంగతి వాళ్ల అమ్మగారికి ఏళ్లుగా తెలుసు. తెలిసినవాళ్లని మేం అడగలేదు, అంతే. అందుకే మీకో మనవి. ఈ నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కుల షీటు చూసే ముందు, ఇంట్లో మీరు గమనించిన చిన్న సంగతి ఒకటి మాకు చెప్పండి. పిల్లలు టీవీ సౌండ్ పెంచుతున్నా, పుస్తకం కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, స్కూలు రోజుల్లోనే కడుపు నొప్పి అంటున్నా, మీకు అది చిన్నదనిపించినా సరే. డైరీలో మా రిమార్క్ చూసి పిల్లల్ని కోప్పడే ముందు, "ఎప్పుడు జరిగింది? ఎక్కడ కూర్చున్నావు?" అని ఒక్కసారి అడగండి. మా రిమార్క్ తప్పనిపిస్తే మాకు ఫోన్ చేయండి. నేనైతే ఏమీ అనుకోను.

ఇక వానాకాలం ఇంకా అయిపోలేదు. మీ కారు చెట్టు కింద పెడుతుంటే, ఈ ఆదివారం వైపర్ల కింద జాలీలో ఆకులు తీసేసి, ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. నీరు చక్కగా కిందికి పోతే సరే. ముందు మ్యాట్లు ఎత్తి, కార్పెట్‌ను చేత్తో నొక్కి చూడండి. తడి తగిలితే, బండి స్టార్ట్ చేసే ముందే మీ మెకానిక్‌కి ఫోన్ చేయండి.

మా నాన్న ఇప్పటికీ కారు కానుగ చెట్టు కిందే పెడుతున్నారు. నీడ వదులుకోలేరట. ప్రతి ఆదివారం పొద్దున్నే జాలీ మాత్రం తనే శుభ్రం చేసుకుంటున్నారు. పక్కన బాబాయ్ కుర్చీ వేసుకుని, ఎక్కడెక్కడ ఆకులు మిగిలాయో చూపిస్తుంటారు.